ఐరోపా ఊరి ఫిల్ములు: గోదావరి డెల్టాలో కూర్చొని వెతకడం, చదవడం, చూపించడం

మిల్లు గేటు దాటి ఇళ్లకు పోతున్న కూలీలు, సంతలో బేరమాడుతున్న ఆడవాళ్లు, వరద నీట మునిగిన వీధులు, రథం వెంట నడిచే పిల్లలు, కొత్త వంతెన మీద మొదటి బండి. ఇలాంటి కథలేని ఫిల్ములను ఐరోపా దేశాల ఆర్కైవులు దశాబ్దాలుగా పోగుచేసి, శుభ్రపరిచి, ఇప్పుడు చాలావాటిని ఎవరైనా చూడగలిగేలా అంతర్జాలంలో పెట్టాయి. అమలాపురంలోనో నరసాపురంలోనో ఒక మామూలు కంప్యూటరు ముందు కూర్చొని వాటిని వెతకడం ఎలా, వెతికినదాన్ని సరిగా చదవడం ఎలా, ఊరి గ్రంథాలయంలో పదిమందికి చూపించడం ఎలా అన్నది ఈ వ్యాసం చెబుతుంది. గ్రంథాలయ కమిటీల వారిని, చరిత్ర చెప్పే అధ్యాపకులను, తీరిక ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఫిల్ము దొరకడం పెద్ద కష్టం కాదు. అందులో ఉన్నవారు ఎవరు, ఏ ఊరు, ఏ పని చేస్తున్నారు అన్నది తేల్చుకోవడమే అసలు శ్రమ. ఆ శ్రమలో కాలువల మధ్య, ఏటిగట్ల మధ్య పెరిగినవారికి ఉన్న పనితెలివి ఎంతగానో అక్కరకొస్తుంది.

ముందుగా రకాలు తెలుసుకోవాలి

ఒక ఫిల్మును ఎవరు, ఎవరి కోసం తీశారో తెలియకుండా అందులోని జీవితాన్ని నమ్మడానికి వీల్లేదు. అందుకే మొదటి పని రకాలను వేరుచేసుకోవడం. మొదటి రకం, జనాన్ని తీసి టిక్కెట్టు మీద చూపించిన తొలినాటి ఫిల్ములు. 1895లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ నుంచి బయటికి వస్తున్న పనివారిని తీశారు. ఆ ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపించిన చిన్న ఫిల్ములలో అదీ ఒకటి. దాన్ని చూసి ఇంగ్లండులో ఎందరో అదే బాట పట్టారు. లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ పట్టణానికి చెందిన మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు దాన్ని ఏకంగా వ్యాపారంగా మలిచారు. సంతలలో డేరా వేసి బొమ్మలు ఆడించేవాళ్లు వీరికి పని పురమాయించేవారు. పగలు మిల్లు గేటు దగ్గరో, ఊరేగింపులోనో, ఫుట్‌బాల్ మైదానంలోనో జనాన్ని తీసి, ఆ తరువాత అదే జనాన్ని డబ్బులిచ్చి తమను తాము చూసుకోమని పిలిచేవారు. ఎంత ఎక్కువ మొహాలు పడితే అన్ని ఎక్కువ టిక్కెట్లు తెగుతాయి కనుక కెమెరా జనం వైపే తిరిగి ఉండేది. ఆ నెగెటివులు దాదాపు ఎనిమిది వందలు, ఇనప పీపాల్లో ఒక పాత దుకాణం నేలమాళిగలో పడి ఉండి, 1994లో ఆ దుకాణాన్ని కూల్చే సమయంలో బయటపడ్డాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాటిని తీసుకుని బాగుచేయించింది. ఈ చరిత్ర తెలిసినవారికి ఆ ఫిల్ములలో పిల్లలు టోపీలు ఊపుతూ కెమెరా ముందుకు ఎందుకు ఎగబడుతున్నారో వెంటనే అర్థమవుతుంది.

రెండో రకం న్యూస్‌రీళ్లు, అంటే సినిమా హాళ్లలో ఆడించిన వార్తాచిత్రాలు. బ్రిటిష్ పాథే సంస్థ 2014లో దాదాపు 85 వేల ఫిల్ములను యూట్యూబులో పెట్టింది. నెదర్లాండ్స్‌లో పాలిగూన్ వార్తాచిత్రాలు, ఇటలీలో 1924లో ఏర్పడిన ఇస్తిట్యూటో లూచే వార్తాచిత్రాలు ఈ కోవలోనివే. వీటిని చూసేటప్పుడు చెవులను కొంచెం అనుమానంతో ఉంచుకోవాలి. లూచే సంస్థ ముస్సోలినీ ప్రభుత్వానికి ప్రచార సాధనంగా పనిచేసింది. గోధుమ కోతల్లో నవ్వుతున్న రైతును చూపించినా, కొత్త కాలువ తవ్వకాన్ని చూపించినా అక్కడి మాటలు పాలకుడివే. బొమ్మలో మాత్రం అతను దాచలేనివి చాలా మిగిలి ఉంటాయి: రైతు కాళ్లకు చెప్పులు ఉన్నాయా, కొడవలి ఏ ఆకారంలో ఉంది, పక్కన నిలబడ్డ పిల్లలు ఎంత సన్నగా ఉన్నారు.

మూడో రకం కుటుంబాలు, ఔత్సాహికులు తీసుకున్నవి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి ఇవే, అన్నిటికంటే ఆలస్యంగా ఆర్కైవులకెక్కినవీ ఇవే. 1922లో పాథే సంస్థ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్మును, మరుసటి ఏడాది కొడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్లను, 1965లో సూపర్ 8ను విపణిలోకి తెచ్చాయి. ఒక్కో మెట్టుకూ కెమెరా చేతికి మరింత అందుబాటులోకి వచ్చింది. మొదట డాక్టర్లు, మిల్లు యజమానులు, పాదరీలు కొన్నారు, తరువాత బడిపంతుళ్లు, దుకాణదారులు. ఈ రీళ్లను సేకరించడానికి 1976లో తూర్పు ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియన్ ఫిల్మ్ ఆర్కైవు, 1986లో ఫ్రాన్సులోని బ్రెటన్ ప్రాంతానికి సినిమాథెక్ ద బ్రెతాన్, 2002లో ఇటలీలోని బొలోన్యాలో ఒక కుటుంబ చిత్రాల ఆర్కైవు మొదలయ్యాయి. ఇలాంటి సంస్థలన్నీ 1991లో ఇనెదీ అనే పేరుతో ఒక ఐరోపా సంఘంగా కలిశాయి.

వీటిలో ఏ కోవకూ చెందని సంపద ఒకటి పారిస్ శివార్లలో ఉంది. ఆల్బెర్ కాన్ అనే బ్యాంకరు 1909 నుంచి 1931 దాకా తన సొంత డబ్బుతో ఫొటోగ్రాఫర్లను, కెమెరామెన్లను దేశదేశాలకూ పంపించి మామూలు జనజీవితాన్ని తీయించాడు. 72 వేల రంగు గాజుపలకలు, లక్షా 83 వేల మీటర్ల ఫిల్ము పోగయ్యాయి. అతని బృందం భారతదేశానికీ వచ్చింది.

వెతకడం

ఆర్కైవులు వందల సంఖ్యలో ఉన్నా తలుపులు కొన్నే తట్టాలి. యూరోపియానా అన్న పోర్టలు ఐరోపా గ్రంథాలయాలు, మ్యూజియాలు, ఆర్కైవుల వస్తువులన్నిటినీ ఒకచోట చూపుతుంది. అక్కడ ఫలితాలను వీడియోలకు మాత్రమే కుదించుకోవచ్చు, వాడుకోవడానికి అనుమతి ఉన్నవాటిని వేరుగా చూడవచ్చు. యూరోపియన్ ఫిల్మ్ గేట్‌వే అన్నది ఫిల్ము ఆర్కైవులకే పరిమితమైన పోర్టలు. అందులో ఫలితం మీద నొక్కితే అసలు ఆర్కైవు సొంత పేజీకి దారి చూపుతుంది. నెదర్లాండ్స్‌లో హిల్వర్సమ్ నగరంలోని సౌండ్ అండ్ విజన్ సంస్థ నడిపే ఓపెన్ ఇమేజెస్ అనే వెబ్‌సైటులో పాలిగూన్ వార్తాచిత్రాలు చాలావరకు తిరిగి వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి. అవే వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మలు, వీడియోల నిధిలోనూ దొరుకుతాయి. మన గ్రంథాలయాలకు మొదటి మెట్టుగా దీనినే సూచిస్తాను, ఎందుకంటే దింపుకోవడంలో చిక్కులు తక్కువ, విషయం కూడా నీళ్లకు సంబంధించినది ఎక్కువ. ఫ్రాన్సు టెలివిజన్, రేడియోల పాత సామగ్రి ఇనా అనే సంస్థ దగ్గర ఉంది. కొన్ని బ్రిటిష్ సేకరణలు ఆ దేశం వెలుపల తెరుచుకోవు. అలాంటప్పుడు ఆ ఆర్కైవు వారి యూట్యూబు ఛానెలు చూడాలి.

వెతుకులాటను దేశంతో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. కోత, చేపలు, సంత, వరద, పడవ, లాకులు, జాతర, పెళ్లి, బడి అనుకుని ఒక్కొక్క పనికి ఆ దేశభాషలో మాటను అనువాద పరికరంతో కనుక్కుని, ఆ దేశ లిపిలోనే టైపు చేయాలి. ప్రాంతీయ ఆర్కైవులలో శీర్షికలు, వివరణలు వారి భాషలోనే ఉంటాయి కనుక ఇంగ్లిషు మాటతో వెతికితే పైపైన ఉన్నవే వస్తాయి. ఒక మంచి ఫిల్ము దొరికినప్పుడు దాని పేజీలో ఆర్కైవు వారు తగిలించిన విషయపదాలు కనిపిస్తాయి. ఆ పదాలను పట్టుకుని ముందుకు పోతే సొంతంగా ఊహించలేని దారులు తెరుచుకుంటాయి.

మన ప్రాంతపు ఫిల్ములే ఐరోపాలో ఉన్నాయా అని చాలామంది అడుగుతారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రం దగ్గర, మన దేశంలో పనిచేసిన ఇంగ్లిషువారు ఎక్కువగా 1920ల నుంచి 1940ల మధ్య తీసుకున్న ఇంటి ఫిల్ములు ఉన్నాయి, అవి అంతర్జాలంలో ఉచితంగా కనిపిస్తాయి. బ్రిటిష్ సామ్రాజ్యపు ఫిల్ముల మీద కలోనియల్ ఫిల్మ్ అనే పేరుతో 2010లో వచ్చిన క్యాటలాగులో ఆరు వేలకు పైగా ఫిల్ముల వివరాలు నమోదయ్యాయి. వీటిలో వెతికేటప్పుడు ఊరి పేర్లకు ఆనాటి స్పెల్లింగులు వాడాలి. ఇంగ్లిషువారికి కాకినాడ కోకనాడ, రాజమహేంద్రవరం రాజమండ్రి. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న యానాంను వారు తమ ఉచ్చారణకు తగినట్టు రాసుకున్నారు. గోదావరి పేరుకు కూడా ఒకటికి మించి స్పెల్లింగులు ప్రయత్నించాలి. క్రైస్తవ మిషన్ల ఆర్కైవులను వదలకండి. నరసాపురం, పాలకొల్లు, రాజమహేంద్రవరం ప్రాంతాలలో మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ పనిచేశారు. మిషనరీలు తమ దేశంలో చందాల కోసం ఫిల్ములు తీసి చూపించడం ఇరవయ్యో శతాబ్దంలో పరిపాటి. దొరుకుతుందన్న హామీ లేదు, అయినా మర్యాదగా ఒక ఉత్తరం రాసి అడగడానికి ఖర్చేమీ లేదు.

క్యాటలాగు చదవడం, వేగం, రంగు

ఫిల్ము కింద ఉన్న వివరాన్ని చాలామంది చదవరు. ముందు అదే చదవాలి. శీర్షిక చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే ఆ పేరు తీసినవారు పెట్టింది కాదని, ఆర్కైవు వారు గుర్తు కోసం పెట్టుకున్నదని సాధారణంగా అర్థం. సంవత్సరం ముందు సుమారు అన్న సూచన ఉంటే పదేళ్ల తేడాకైనా సిద్ధపడి ఉండాలి. తీసినవారి వృత్తి ఉంటే రాసుకోండి. ధనవంతుడైన భూస్వామి తీసిన కోతల ఫిల్ములో కూలీలు ఎప్పుడూ దూరంగా, చిన్నగా కనిపిస్తారు. ఇంటి పిల్లలు మాత్రం దగ్గరగా, పేరుపేరునా ఉంటారు. ఈ తేడా మన పాత పెళ్లి ఫొటోల్లోనూ ఉన్నదే.

పొడవు అడుగుల్లో ఉంటే నిమిషాల్లోకి మార్చుకోవడం తేలిక. ఒక అడుగు 35 మిల్లీమీటర్ల ఫిల్ములో 16 ఫ్రేములు (విడివిడి బొమ్మలు), 16 మిల్లీమీటర్లలో 40, సూపర్ 8లో 72 ఉంటాయి. యాభై అడుగుల సూపర్ 8 రీలులో 3,600 ఫ్రేములు ఉంటాయి కనుక సెకనుకు 18 ఫ్రేముల వేగంతో అది 3 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. ఇంట్లో తీసుకున్న ఫిల్ములలో ప్రతి దృశ్యం అంత క్లుప్తంగా ఎందుకుంటుందో ఈ లెక్క చెబుతుంది. రీలు ఖరీదైనది, అందుకే కెమెరా మనిషి నాలుగు సెకన్లకోసారి బొత్తాం వదిలేసేవాడు.

మూకీ ఫిల్ములలో జనం కోడిపిల్లల్లా గబగబా నడుస్తున్నట్టు కనిపిస్తే ఆ కాలం మనుషులను తప్పుపట్టనక్కర్లేదు. సెకనుకు 16 లేక 18 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని 24 చొప్పున ఆడించడమే ఇందుకు కారణం. యూట్యూబులో వేగాన్ని 0.75కు తగ్గిస్తే 24 కాస్తా 18 అవుతుంది, నడకలు కుదుటపడతాయి. ఆర్కైవు వారు ముందే వేగం సరిచేసి పెట్టిన ఫిల్ములూ ఉన్నాయి కనుక, ప్రతిదాన్నీ జాగ్రత్తగా చూసి నిర్ణయించుకోవాలి. పొగగొట్టంలోంచి లేచే పొగను, పారే నీటిని చూస్తే వేగం సరిగా ఉందో లేదో సులభంగా తెలుస్తుంది.

రంగులు పులిమి, ఫ్రేములు కల్పించి నున్నగా చేసిన ప్రతులు యూట్యూబులో కోకొల్లలు. వాటిని చరిత్ర పాఠంలో వాడవద్దని గట్టిగానే చెబుతాను. ఆ రంగులు యంత్రం ఊహించినవి. కొన్ని చోట్ల మొహాలు కూడా మారిపోతాయి. ఏ చీర ఏ రంగో, ఏ పడవ తెరచాప ఏ రంగో తెలుసుకోవాలనుకునేవారిని అవి తప్పుదారి పట్టిస్తాయి. ఆర్కైవు వారు పెట్టిన అసలు ప్రతిని వెతికి, గీతలు, మచ్చలు ఉన్నా దాన్నే చూడాలి. సంగీతం కూడా చాలాసార్లు తరువాత కలిపినదే కనుక మొదటిసారి ధ్వని ఆపి చూడండి.

నీటి పనులు తెలిసిన కళ్లు

ఇక్కడ డెల్టా చదువరికి ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వెంట కాలువలు, లాకులు, గట్లు మన ఊళ్ల రూపాన్నే మార్చాయి. అందువల్ల డచ్చి కాలువలో ఒక పడవ లాకుల్లో ఆగి, నీటిమట్టం పెరిగే దాకా ఎదురుచూడటం చూసినప్పుడు మనకు వివరణ అక్కర్లేదు. లాకుల తలుపు ఎటు తెరుచుకుంటుంది, తిప్పే మనిషి ఎక్కడ నిలబడ్డాడు, పడవను గట్టు మీదినుంచి మనుషులు లాగుతున్నారా, గుర్రం లాగుతోందా, మోటారుందా అన్నవి గమనిస్తే ఫిల్ము ఏ కాలానిదో పోల్చుకోవచ్చు. నేలకు ఎత్తులో పారే కాలువ, దాని దిగువన ఉన్న చేలు నెదర్లాండ్స్‌లో కనిపించినప్పుడు తెలంగాణ పీఠభూమివారికి వింతగా ఉండవచ్చు, కోనసీమవారికి ఉండదు.

1953 సంవత్సరాన్ని తీసుకోండి. జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పోటెత్తి నెదర్లాండ్స్ గట్లు తెంచుకుని లోపలికి వచ్చింది. ఆ దేశంలో 1,836 మంది, ఇంగ్లండు తూర్పు తీరంలో 307 మంది చనిపోయారు. అదే ఏడాది వర్షాకాలంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఐరోపా వరద గురించిన వార్తాచిత్రాలు, ఔత్సాహికుల ఫిల్ములు వెతికి, గండి పడిన చోట ఇసుక బస్తాలు ఎలా వేస్తున్నారో, పశువులను ఏ దారిన తరలిస్తున్నారో, ఇంటి పైకప్పు మీది మనుషులను ఎలాంటి పడవలు దింపుతున్నాయో చూడండి. 1986 ఆగస్టు వరదనో, 1996 నవంబరు తుపానునో కళ్లారా చూసిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుంటే వారు తెరమీద మీరు గమనించనివి పది చూపిస్తారు. డచ్చివారు గట్ల అడుగున నీటి కోతను ఆపడానికి విల్లో కొమ్మలతో పెద్ద తడకలల్లి, వాటి మీద రాళ్లు పోసి నీట ముంచేవారు. ఆ పనిని చూపే పాత ఫిల్ములను ఏటిగట్టు పనిచేసిన మేస్త్రీకి చూపించి, అతను చెప్పినదంతా రాసుకోండి.

చేపల సంగతి ఇంకొకటి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో స్కాట్లండు ఆడవాళ్లు హెరింగు చేపల పడవల వెంట తీరం పొడవునా దక్షిణానికి వస్తూ, శరదృతువులో రైలెక్కి గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ రేవులకు చేరుకునేవారు. చేపల కడుపు చీల్చి పీపాల్లో ఉప్పువేసి సర్దడం వారి పని. కత్తి తగలకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేవారు. తూర్పు ఇంగ్లండు ఫిల్ములలో వీరు మళ్లీ మళ్లీ కనిపిస్తారు. వారి చేతుల వేగం చూసి మొదట అబ్బురపడతాము. తరువాత మాత్రం అంతర్వేది, నరసాపురం వైపు రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల దినచర్యను దృష్టిలో పెట్టుకుని ప్రశ్నలు అడగాలి: వీరు కూర్చున్నారా, నిలబడ్డారా, నీళ్లు ఎక్కడివి, లెక్క రాసే మనిషి ఎక్కడున్నాడు, పిల్లలు ఎక్కడున్నారు. ఆ ప్రశ్నలకు జవాబు ఫిల్ములోనే ఉంటుంది, వెనక్కి తిప్పి చూసేవారికి మాత్రమే.

ఊరేగింపుల విషయంలోనూ ఇదే పద్ధతి. మాంచెస్టరు పరిసరాలలో వేసవి మొదట్లో చర్చి పిల్లలు కొత్త బట్టలతో, జెండాలతో నడిచే విట్ వాక్స్‌ను చాలామంది తీశారు. అంతర్వేది రథోత్సవాన్నో, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థాన్నో ఎరిగినవారు ఆ ఫిల్ములో మొదట వెతకవలసింది ముందువరసను కాదు, అంచులను. ఎవరు నడుస్తున్నారు, ఎవరు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు, ఎవరికి దారిలో చోటు లేదు అన్నది అక్కడే తెలుస్తుంది.

కాలం తేల్చడానికి వాహనాల నంబరు పలకలు, దుకాణాల పేర్లు, గోడ ప్రకటనలు, వంతెనలు ఉపయోగపడతాయి. బ్లాక్‌బర్న్ ఫిల్ముల విషయంలో ఫుట్‌బాల్ ఆటల తేదీలను ఆనాటి పత్రికలతో సరిపోల్చారు. మన దగ్గర ఇదే పనిని వంతెనలు చేసిపెడతాయి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హావ్‌లాక్ వంతెన ఒక్కటే కనబడితే ఆ ఫిల్ము 1970ల కంటే ముందుది, రోడ్డు-రైలు వంతెన కూడా ఉంటే 1974 తరువాతిది, ఆర్చి వంతెన ఉంటే 1990లకు ఇటువైపుది.

హక్కులు

ఈ భాగాన్ని క్లుప్తంగా ముగిస్తాను. ఐరోపా సమాఖ్యలో సాధారణంగా కర్తలు చనిపోయిన తరువాత డెబ్బై ఏళ్ల దాకా హక్కులుంటాయి. మన చట్టం ప్రకారం సినిమాలకు ప్రచురణ నుంచి అరవై ఏళ్లు. ఫిల్ము పేజీలో ఉన్న లైసెన్సు గుర్తును చదివి, దాన్ని అలాగే మీ పుస్తకంలో రాసుకోండి. కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులకు మాత్రమే పాఠంలో భాగంగా చూపించడానికి మన కాపీరైటు చట్టంలో వెసులుబాటు ఉంది. గ్రంథాలయంలో ఊరందరికీ చూపించాలంటే స్వేచ్ఛా లైసెన్సు ఉన్నవాటిని ఎంచుకోవాలి, లేదంటే ఆర్కైవుకు ఈమెయిలు రాసి అనుమతి తీసుకోవాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతమందికి, టిక్కెట్టు లేకుండా అన్న నాలుగు సంగతులు స్పష్టంగా రాస్తే చాలు.

ఊళ్లో చూపించడం

మొత్తం నలభై నిమిషాలకు మించకుండా ఏడెనిమిది చిన్న ఫిల్ములు ఎంచుకోండి. దేశాల వారీగా కాకుండా పనుల వారీగా వరుస పెట్టండి. కాలువలు, వరద, చేపలు, సంత, ఊరేగింపు అన్న క్రమం మన దగ్గర బాగా నడుస్తుంది. ఒక్కో ఫిల్మును రెండుసార్లు వేయాలి, మొదటిసారి ఏ మాటా చెప్పకుండా, రెండోసారి తెలుగులో వివరణతో. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. ఆ పని ఇప్పుడు మీరు చేస్తారు, కాకపోతే తెలియని చోట కథ అల్లకుండా ఆగాలి. ప్రేక్షకులు మాట్లాడుకుంటే ఆపవద్దు. ఎవరైనా లేచి ఇది మా తాతల నాటి పంటులా ఉందంటే ఆ మాటను రాసుకునే మనిషి ఒకరు ముందువరసలో ఉండాలి.

ఫిల్ములను ముందే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. లైసెన్సు దింపుకోవడాన్ని అనుమతించకపోతే నెట్టు నిలకడగా ఉన్న చోటే కార్యక్రమం పెట్టాలి. తెరకు తెల్ల దుప్పటి కంటే సున్నం వేసిన గోడ నయం. ఇన్వర్టరు చాలకపోతే ప్రొజెక్టరు బదులు పెద్ద టీవీ వాడవచ్చు. యునెస్కో అక్టోబరు 27ను దృశ్యశ్రవణ వారసత్వ దినంగా పాటిస్తుంది. చాలా దేశాల్లో ఇంటి ఫిల్ముల దినం కూడా అదే నెలలో జరుగుతుంది, ఊరివారు తమ రీళ్లు పట్టుకుని వస్తే ఆర్కైవు వారు పరిశీలించి అక్కడే ఆడించి చూపిస్తారు. అక్టోబరు మనకు వానలు, తుపాన్ల నెల. కనుక ఆ తేదీని పట్టుకుని వేలాడక, సంక్రాంతికి ఊళ్లకు వచ్చినవారు తిరిగి వెళ్లకముందు పెట్టుకోవడం మేలు.

మన బీరువాల్లోని రీళ్లు

ప్రదర్శన అయ్యాక ఎవరో ఒకరు తమ ఇంట్లో పాత రీళ్లో, క్యాసెట్లో ఉన్నాయని చెబుతారు. అలాంటివారికి చెప్పవలసిన మొదటి మాట, పాత ప్రొజెక్టరు మీదా వీసీఆర్ లోనూ వెంటనే వేసి చూడవద్దని. ఏళ్ల తరబడి కుంచించుకుపోయిన ఫిల్ము పళ్లచక్రాల్లో చిరిగిపోతుంది. బూజు పట్టిన టేపు వీసీఆర్ హెడ్డును పాడుచేసి, తరువాత వేసే మంచి టేపుకూ అంటిస్తుంది. డబ్బా తెరవగానే వెనిగర్ లాంటి ఘాటు వాసన వస్తే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము విచ్ఛిన్నం అవుతోందని గుర్తు. వేడి, తేమ ఆ రసాయన చర్యను వేగిరపరుస్తాయి, పక్కనున్న రీళ్లకూ ఆ వాసన సోకుతుంది. మన తేమకు ఇది త్వరగా వచ్చే జబ్బు. అలాంటి రీలును వేరుచేసి, తుప్పు పట్టిన డబ్బాలోంచి తీసి, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చల్లటి, పొడి గదిలో ఉంచాలి. పెంకుటింటి అటక మీద మాత్రం ఉంచవద్దు. 35 మిల్లీమీటర్ల పాత రీలు 1950లకు ముందుదైతే అది త్వరగా మంటలంటుకునే నైట్రేట్ ఫిల్ము కావచ్చు. దాన్ని ఇంట్లో విప్పకుండా, 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్ము ఆర్కైవును గానీ, ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌ను గానీ సలహా అడగాలి.

కొడాక్ ఫిల్ము అంచున చుక్క, చతురస్రం, త్రిభుజం వంటి చిన్న గుర్తులుంటాయి. ఆ గుర్తులు ఫిల్ము తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. ఇరవయ్యేళ్లకోసారి అవే గుర్తులు మళ్లీ వస్తాయి కనుక దృశ్యంలోని వస్తువులతో కలిపి చూడాలి. డిజిటల్ చేయించేటప్పుడు గోడ మీద వేసి మొబైలుతో తీసే దుకాణాలకు వెళ్లకండి. ఒక్కొక్క ఫ్రేమును విడిగా స్కాన్ చేసేవారిని వెతికి, అసలు వేగాన్ని మార్చవద్దని, పదును పెంచవద్దని, రంగు సరిచేయని ప్రతిని కూడా ఇమ్మని ముందే రాసి ఇవ్వండి.

డెల్టాలో నిజానికి రీళ్లకంటే ఎక్కువగా దొరికేవి 1980లు, 1990లనాటి పెళ్లి క్యాసెట్లు. వాటిని తేలికగా తీసిపారేయవద్దు. మూడు గంటల పెళ్లి క్యాసెట్టులో పెళ్లికంటే విలువైనవి వంటశాల, పందిరి, ఎదురుసన్నాహం దారిలో కనిపించే వీధి, లాంచీరేవు. ప్రపంచంలో చివరిగా వీసీఆర్‌లు తయారుచేసిన జపాను సంస్థ 2016లో ఆ పని ఆపేసింది. 2025 నాటికి మాగ్నటిక్ టేపులను డిజిటల్ చేయకపోతే చాలావరకు పోతాయని ఆర్కైవుల వారు హెచ్చరించారు. ఆ గడువు మన ముందుంది అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. కనుక రీళ్లకంటే ముందు క్యాసెట్లనే చేపట్టండి. డిజిటల్ ప్రతులు రెండు ఉంచి, ఒకదాన్ని వరద ఒకేసారి రెంటినీ తాకనంత దూరంలో, మెట్ట ప్రాంతంలోని బంధువుల ఇంట్లో పెట్టండి.

ప్రతి రీలుకూ ఒక కార్డు రాయాలి. ఎవరు తీశారు, ఎవరింట్లోది, ఏ ఊరు, ఏ వీధి, ఏ రేవు, ఏ ఏడాది, ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు అన్నవి అందులో ఉండాలి. రూఢిగా తెలిసినదాన్ని సిరాతో, ఊహించినదాన్ని పెన్సిలుతో రాయండి. మనుషుల పేర్లు ఎడమనుంచి కుడికి వరుసగా రాయండి. పనివారి పేర్లు ఎవరికీ గుర్తులేవంటారు, అయినా వాడవాడకూ వెళ్లి అడిగితే గుర్తుపట్టేవారు దొరుకుతారు. చావు దృశ్యాలు, చిన్నపిల్లల ఒంటి మీద బట్టలు లేని దృశ్యాలు, విడిపోయిన జంటల పెళ్లిళ్లు వంటివి ఆ కుటుంబం సరేననే దాకా బయట చూపించకూడదు. అందుకు ఒక చిన్న అంగీకార పత్రం సిద్ధం చేసుకుని, గ్రంథాలయంలో చూపవచ్చు, అంతర్జాలంలో పెట్టవచ్చు, ఇంట్లోవారు తప్ప ఎవరూ చూడరాదు అన్న మూడు గడుల్లో వారే గీత పెట్టేలా ఇవ్వండి. ఆ పత్రం నకలును కార్డుకే పిన్ను కొట్టి ఉంచండి, ఎందుకంటే పదేళ్ల తరువాత ఆ డిస్కును తెరిచేవారు మీరు కాకపోవచ్చు.